32 బైట్ల రికార్డు 33 ఎలా అయింది? పాల మిషన్ ఫైలును పైథాన్‌లో విప్పడం

ముందుగా ప్రశ్న ఇది. చిత్తూరు దగ్గర ఒక పాల కేంద్రం. రైతు తెచ్చిన పాలను తూచి ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వు కాకుండా పాలలో ఉండే ఘనపదార్థం) చూసే మిషన్ ప్రతి పూటా పెన్‌డ్రైవ్‌లో ఒక డేటా ఫైలు రాస్తుంది. దాన్ని పైథాన్‌తో చదివి ఎక్సెల్‌లోకి తేవాలి. మామూలుగా తెరిస్తే "23వ స్థానంలోని హెక్స్ 82 బైటును యూటీఎఫ్-8గా చదవలేను" అని ఎర్రర్ వచ్చింది (హెక్స్ అంటే 16 ఆధారంగా అంకెలు రాసే పద్ధతి, యూటీఎఫ్-8 అంటే అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి). ఎర్రర్స్‌కి ఇగ్నోర్ అని ఇస్తే ఎర్రర్ పోయింది, డేటా మాత్రం గందరగోళమైంది. ఆ తర్వాత బైనరీ మోడ్‌లో తెరిచి, హెడర్ (ఫైలు మొదట్లో ఉండే వివరాలు) దాటించి, బైట్లను అంకెలుగా మార్చే స్ట్రక్ట్ మాడ్యూల్‌తో విప్పితే మొదటి రైతు పాలు 2499805204, ఫ్యాట్ 20993, ఎస్‌ఎన్‌ఎఫ్ 4867 అని వచ్చాయి. 62 రికార్డులయ్యాక "33 బైట్లు కావాలి" అంటూ ప్రోగ్రామ్ ఆగిపోయింది. హెడర్‌లో 64 రికార్డులని ఉంది, ఫైలు సైజు 2064 బైట్లు. ఫైలు పాడైందా, మిషనే తప్పు రాస్తోందా అని మీ అనుమానం.

రెండూ కాదండీ. ఫైలు శుభ్రంగా ఉంది. మీ ఫార్మాట్ స్ట్రింగ్ (ఏ ఫీల్డు ఎన్ని బైట్లో స్ట్రక్ట్‌కు చెప్పే అక్షరాల వరుస) మొదట్లో ఒక్క < గుర్తు లేదు, అంతే. అయితే ఆ గుర్తు పెట్టేసి పని అయిపోయిందనుకుంటే వచ్చే నెల ఇంకో చోట ఇరుక్కుంటారు. కాబట్టి మీరిచ్చిన అంకెలతోనే లెక్క కట్టి చూద్దాం.

మిషన్ అమ్మినవాళ్లు ఇచ్చిన కాగితం ప్రకారం హెడర్ 16 బైట్లు: 4 అక్షరాల గుర్తు, 2 బైట్ల వెర్షన్, 2 బైట్ల రికార్డు సైజు, 4 బైట్ల రికార్డుల సంఖ్య, 4 ఖాళీ బైట్లు. ఆ తర్వాత ఒక్కో రికార్డు ఇలా ఉంటుంది (ఎడమ వైపు అంకె, రికార్డు మొదలు నుంచి ఎన్నో బైటు అనేది):

0: సమయం, 4 బైట్లు
4: రైతు నంబరు, 2 బైట్లు
6: స్టేటస్, 1 బైటు
7: పాలు మిల్లీలీటర్లలో, 4 బైట్లు
11: ఫ్యాట్ × 100, 2 బైట్లు
13: ఎస్‌ఎన్‌ఎఫ్ × 100, 2 బైట్లు
15: ఉష్ణోగ్రత × 10, మైనస్ రావచ్చు, 2 బైట్లు
17: పేరు, 14 బైట్లు
31: చెక్‌సమ్ (రికార్డు పాడైందా అని చూసే అంకె), 1 బైటు

కూడితే 32. ఫైలు సైజు 16 + 64 × 32 = 2064 బైట్లు ఉండాలి. మీరు చెప్పిన సైజు కూడా 2064. ఏ బైనరీ ఫైలు చేతికొచ్చినా కోడ్ మొదలుపెట్టకముందే ఈ లెక్క చూసుకోండి. సైజులోంచి హెడర్ తీసేసి రికార్డు సైజుతో భాగిస్తే శేషం సున్నా రావాలి. రాకపోతే మీకున్న కాగితం తప్పయినా కావాలి, ఫైలు మధ్యలో తెగిపోయి అయినా ఉండాలి.

మీ మొదటి రికార్డులో పేరు ముందు దాకా ఉన్న 17 బైట్లు హెక్స్‌లో ఇవి:

54 29 45 68 | 13 04 | 24 | 82 14 00 00 | 95 01 | 52 03 | 13 01

ఇవి కంటికి కనబడాలంటే బైట్స్ వస్తువు మీద హెక్స్ అనే మెథడ్‌ను పిలిచి, లోపల ఒక ఖాళీని సెపరేటర్‌గా ఇవ్వండి (పైథాన్ 3.8 నుంచి ఇది ఉంది). మామూలుగా ప్రింట్ చేస్తే పైథాన్ అచ్చు వేయగల బైట్లన్నిటినీ అక్షరాలుగా చూపిస్తుంది. అందుకే మీకు సమయం ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, స్టేటస్ దగ్గర డాలర్ గుర్తు కనిపించాయి. ఆ $ అంటే హెక్స్ 24, అంటే 36. అది డబ్బుకు సంబంధించిన ఫీల్డ్ కాదు. లినక్స్‌లో హెక్స్‌డంప్ వాడితే తప్పకుండా పెద్ద సి ఆప్షన్ ఇవ్వండి. అది లేకపోతే ఆ ప్రోగ్రామ్ రెండేసి బైట్లను జతకట్టి తిరగేసి 2954 6845 అని చూపిస్తుంది. ఫైల్లో బైట్లే తారుమారయ్యాయని చాలామంది పొరబడేది ఇక్కడే.

ఇప్పుడు ఆ 33 సంగతి. మీ ఫార్మాట్ స్ట్రింగ్‌లో అక్షరాలు వరుసగా పెద్ద ఐ, పెద్ద హెచ్, పెద్ద బి, పెద్ద ఐ, పెద్ద హెచ్, పెద్ద హెచ్, చిన్న హెచ్, 14ఎస్, పెద్ద బి. ఐ అంటే 4 బైట్లు, హెచ్ 2, బి 1, 14ఎస్ అంటే 14 బైట్ల పేరు; చిన్న అక్షరమైతే మైనస్ కూడా రావచ్చు. అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ ముందు ఏ గుర్తూ లేకపోతే స్ట్రక్ట్ మాడ్యూల్ మీ కంప్యూటర్‌లోని సి కంపైలర్ పద్ధతిని పాటిస్తుంది. ఆ పద్ధతిలో 4 బైట్ల పూర్ణాంకం 4తో భాగించబడే స్థానంలోనే మొదలవ్వాలి. స్టేటస్ 6లో ఉంది, పాలు 7లో మొదలవ్వాలి. 7 కుదరదు కాబట్టి ఒక బైటు వదిలేసి 8 నుంచి చదివింది (ఇలా వదిలేవాటిని పూరణ బైట్లు అంటారు). దానితో వెనకున్నవన్నీ ఒక్కో బైటు ముందుకు జరిగాయి, మొత్తం 33 అయింది. ఫార్మాట్‌కు ఎన్ని బైట్లు కావాలో చెప్పే కాల్క్‌సైజ్ ఫంక్షన్‌కు అదే స్ట్రింగ్ ఇచ్చి చూడండి, 33 అంటుంది. ముందు < పెట్టి చూడండి, 32 అంటుంది. పూరణ వద్దు, తక్కువ విలువ బైటు ముందు అని ఆ గుర్తుకు అర్థం.

మీకొచ్చిన వింత అంకెలు ఇక్కడి నుంచి వచ్చినవే. 8 నుంచి 11 దాకా ఉన్న బైట్లు 14 00 00 95. తక్కువ విలువ బైటు ముందు వచ్చే లెక్కలో ఇది 149 × 16777216 + 20, అంటే 2499805204. ఆ 149 అంటే హెక్స్ 95, అది ఫ్యాట్ మొదటి బైటు. ఫ్యాట్ చోటికి 01 52 వచ్చి 20993 అయింది, ఎస్‌ఎన్‌ఎఫ్ చోటికి 03 13 వచ్చి 4867 అయింది. సమయం, రైతు నంబరు, స్టేటస్ మాత్రం మొదటి రికార్డులో సరిగ్గా వచ్చాయని మీరే రాశారు. అవి ఆ వదిలేసిన బైటుకు ముందున్నవి కదా! రెండో రికార్డు నుంచి అవి కూడా తప్పాయి, ఎందుకంటే మీరు రీడ్‌కు 33 ఇచ్చి చదువుతున్నారు, రికార్డుకు ఒక బైటు చొప్పున జారిపోతున్నారు. 2048లో 33లు 62, మిగిలేది 2 బైట్లు. 63వ సారి చేతికొచ్చింది ఆ రెండే. అందుకే సరిగ్గా 62 దగ్గర ఆగింది.

ఒక సంగతి గమనించండి. ఎర్రర్ సందేశం 33 కావాలంది కాబట్టి మీరు 32ను 33గా మార్చారు. సందేశం చెప్పింది మీ ఫార్మాట్‌కు ఎన్ని కావాలో. ఫైల్లో ఎన్ని ఉన్నాయో దానికి తెలియదు. ఈ రెండూ పొసగనప్పుడు సరిచేయాల్సింది ఫార్మాట్‌ను.

< పెట్టాక అదే 17 బైట్లు ఇలా చదవబడతాయి: పాలు 82 14 00 00, అంటే హెక్స్ 1482, అంటే 5250 మిల్లీలీటర్లు, ఐదుంపావు లీటర్లు. ఫ్యాట్ 405, అంటే 4.05. ఎస్‌ఎన్‌ఎఫ్ 850, అంటే 8.50. ఉష్ణోగ్రత 275, అంటే 27.5 డిగ్రీలు. రైతు నంబరు 1043. అన్నీ నమ్మదగ్గ అంకెలే.

పొరపాటున > పెట్టారనుకోండి (ఎక్కువ విలువ బైటు ముందు అని దాని అర్థం), అప్పుడు సైజు 32 అనే వస్తుంది, ఎర్రర్ రాదు. కానీ పాలు 2182348800 అవుతాయి. ఒక్క రైతు ఒక్క పూటకు 21 లక్షల లీటర్లు పోశాడన్నమాట! ఫ్యాట్ 38145 అవుతుంది. సైజు సరిపోయి విలువలు మాత్రం ఆకాశంలో ఉంటే బైట్ల వరుస అనుమానించాలి, సైజే సరిపోకపోతే పూరణ బైట్లు అనుమానించాలి. ఈ తేడా గుర్తుంటే సగం వెతుకులాట తగ్గుతుంది. చాలా చిన్న మిషన్లలో ఉండే కంట్రోలర్లు తక్కువ విలువ బైటును ముందు రాస్తాయి. ఫ్యాక్టరీ పరికరాలు మాట్లాడుకునే మాడ్‌బస్ రిజిస్టర్లలోనూ నెట్‌వర్క్ ప్రోటోకాల్స్‌లోనూ దీనికి తిరగబడి ఉంటుంది. = గుర్తు కూడా ఒకటుంది. అది పూరణను ఆపుతుంది కానీ వరుసను మీ కంప్యూటర్‌కే వదిలేస్తుంది, కాబట్టి ఫైళ్లకు అది వాడకండి.

ఇదే కోవలో ఇంకో ఉచ్చు పెద్ద ఎల్. ముందు గుర్తు లేకుండా వాడితే 64 బిట్ లినక్స్‌లో అది 8 బైట్లు, విండోస్‌లో 4 బైట్లు. చిత్తూరులో మీ ల్యాప్‌టాప్‌లో నడిచిన ప్రోగ్రామ్ తిరుపతిలో సర్వర్ మీద విరగడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. < పెట్టారంటే రెండు చోట్లా 4 బైట్లే.

ఇక మొదటి ఎర్రర్ దగ్గరికి. 23వ స్థానం అంటే 16 హెడర్ + 7, అంటే మొదటి రికార్డులో పాల ఫీల్డ్ మొదటి బైటు, ఆ 82. యూటీఎఫ్-8లో ఏ అక్షరమూ హెక్స్ 82తో మొదలవ్వదు. అంతకు ముందున్న బైట్లన్నీ అదృష్టవశాత్తూ 128 లోపు ఉన్నాయి కాబట్టి అక్కడిదాకా గొడవ లేదు. ఆ రోజు పాలు ఇంకో కొలతలో ఉంటే ఎర్రర్ ఇంకెక్కడో వచ్చేది, లేదా రాకుండానే పోయేది. రాకుండా పోవడమే ప్రమాదం. టెక్స్ట్ మోడ్‌లో చదివేటప్పుడు పైథాన్ 13, 10 అనే రెండు బైట్ల జంటను (లైను ముగింపు గుర్తులు, ఇవి మామూలు అంకెల్లో; హెక్స్‌లో 0D, 0A) ఒక్క 10గా మారుస్తుంది, ఒంటరి 13ను కూడా 10 చేస్తుంది. ఫ్యాట్ విలువలోనో సమయంలోనో 13 వచ్చిందంటే చడీచప్పుడూ లేకుండా మారిపోతుంది. ఇగ్నోర్ అయితే అర్థం కాని బైట్లను ఏకంగా పారేస్తుంది, ఆ తర్వాత ఏ ఫీల్డూ తన చోట ఉండదు. లాటిన్-1 ఎన్‌కోడింగ్ పెడితే అన్ని బైట్లూ నిలుస్తాయని కొందరు సలహా ఇస్తారు. 13, 10 గొడవ దానితో తీరదు. ఫైలు తెరిచేటప్పుడు మోడ్‌లో ఆర్ పక్కన బి పెట్టడం ఒక్కటే దారి.

విండోస్‌లో టెక్స్ట్ మోడ్‌లో రాసేటప్పుడు ఇది తలకిందులవుతుంది: ప్రతి 10 ముందూ ఒక 13 వచ్చి చేరుతుంది. కాపీ చేసిన ఫైలు అసలు దానికంటే నాలుగైదు బైట్లు పెద్దగా ఉంటే ఎక్కడో ఎవరో టెక్స్ట్‌గా రాశారని అర్థం. నెట్ మీద ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీలో ఆస్కీ (టెక్స్ట్) మోడ్ పెట్టి పంపినా ఇంతే.

స్టేటస్ బైటును ముక్కలు చేయడం తేలికే. కాగితం ప్రకారం బిట్ 0 పూట (0 ఉదయం, 1 సాయంత్రం), బిట్ 1 పశువు (0 ఆవు, 1 ఎనుము), బిట్ 2 ఫ్యాట్‌ను చేత్తో కొట్టారా అన్నది, పై నాలుగు బిట్లు కాటా నంబరు. మీ విలువ 36, అంటే 32 + 4. ఒకటితో అండ్ చేస్తే (రెండింటిలోనూ 1 ఉన్న బిట్లనే మిగిల్చితే) 0, ఉదయం పూట. ఒక స్థానం కుడికి జరిపి ఒకటితో అండ్ చేస్తే 0, ఆవు పాలు. రెండు స్థానాలు జరిపి అండ్ చేస్తే 1, ఫ్యాట్ చేత్తో కొట్టినది. నాలుగు స్థానాలు జరిపితే 2, రెండో కాటా. ఆ మూడో బిట్‌ను ఎక్సెల్‌లో వేరే కాలమ్‌గా తప్పకుండా పెట్టండి. రేటు గురించి రైతు అడిగినప్పుడు మొదట చూడాల్సింది అదే.

బ్రాకెట్ల విషయంలో ఒక జాగ్రత్త. పైథాన్‌లో << కంటే + ముందు జరుగుతుంది. రెండు బైట్లను చేత్తో కలపాలని "రెండోది << 8 + మొదటిది" అని రాస్తే, అది 8కి మొదటి బైటును కూడి అన్ని స్థానాలు జరుపుతుంది. బ్రాకెట్లు పెట్టండి, లేదా కూడిక బదులు | వాడండి. అసలు చేత్తో కలపడం ఎందుకు, ఇంట్ టైపులో ఫ్రమ్ బైట్స్ ఉంది, బైట్ల వరుస పేరు చెబితే అదే కలుపుతుంది. సి నుంచి వచ్చినవాళ్లకు ఇంకొకటి: & కంటే == సిలో ముందు, పైథాన్‌లో తర్వాత. ఒకే లైను రెండు భాషల్లో రెండు అర్థాలిస్తుంది.

ఉష్ణోగ్రతకు చిన్న హెచ్ ఎందుకంటే అది మైనస్ కావచ్చు. పెద్ద హెచ్‌తో చదివితే మైనస్ 0.5 డిగ్రీ కాస్తా 6553.1 డిగ్రీలు అవుతుంది. పాల కేంద్రంలో మైనస్ ఎందుకొస్తుందంటారా, సెన్సర్ వైరు ఊడినప్పుడు కొన్ని మిషన్లు మైనస్ విలువ రాస్తాయి. అది కనబడాలి కూడా.

సమయం దగ్గర మీరు ఇంకా గమనించనిది ఒకటుంది. 54 29 45 68 అంటే 1749363028. దీన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లుగా తీసుకుని యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) చూస్తే 2025 జూన్ 8, ఉదయం 6:10:28. మన దేశ సమయానికి మారిస్తే అదే రోజు 11:40:28. ఉదయం పూట పాలు పదకొండున్నర దాటాక ఎవరు పోస్తారు? స్టేటస్‌లో పూట బిట్ కూడా ఉదయం అంటోంది. అంటే మిషన్ ఇక్కడి గడియారాన్నే యూటీసీ అనుకుని సెకన్లు కట్టింది. గోడ గడియారం తప్ప టైమ్ జోన్ తెలియని మిషన్లలో ఇది మామూలే. కాబట్టి విలువను యూటీసీగా విప్పి, ఆ తర్వాత జోన్ గుర్తు తీసేసి, వచ్చిన గంటలనే స్థానిక సమయంగా వాడండి. 5 గంటల 30 నిమిషాలు, అంటే 19800 సెకన్లు, కలపకండి. ఒక్క రికార్డు చూసి తేల్చుకోకుండా ఉదయం ఫైలు ఒకటి, సాయంత్రం ఫైలు ఒకటి తీసి పూటలతో సరిపోల్చండి. పెద్ద ఐ అంటే మైనస్ లేని 4 బైట్లు, 2106 దాకా సరిపోతుంది. చిన్న ఐ పెడితే 2038 జనవరి 19న మైనస్‌లోకి దొర్లుతుంది.

కొన్ని మిషన్లు తేదీని బీసీడీలో రాస్తాయి, అంటే హెక్స్‌లో కనిపించే అంకెలే తేదీ: 25 06 08. అలాంటిదాన్ని మామూలుగా చదివితే సంవత్సరం 37 అని వస్తుంది. పై నాలుగు బిట్లను 10తో హెచ్చించి కింది నాలుగు బిట్లు కలపాలి. మీ మిషన్‌ది అది కాదు. పక్క ఊరి కేంద్రంలో వేరే మిషన్ ఉందన్నారు కాబట్టి చెబుతున్నాను.

పేరు ఫీల్డే అన్నిటికంటే చిక్కు. 14 బైట్లు అంటే 14 అక్షరాలు అనుకుంటాం. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన ప్రతి గుర్తూ యూటీఎఫ్-8లో 3 బైట్లు తీసుకుంటుంది. గుణింతమూ, పొల్లూ కూడా ఒక్కో గుర్తే. "పాకాల" రాస్తే ప, దీర్ఘం, క, దీర్ఘం, ల: 5 గుర్తులు, 15 బైట్లు. మూడక్షరాల ఊరి పేరు 14లో పట్టలేదు! "తిరుపతి" 21 బైట్లు, "చిత్తూరు" 24. చిత్తూరును 14 దగ్గర కోస్తే నాలుగు గుర్తులు పూర్తిగా, ఐదోదానిలో రెండు బైట్లు మిగులుతాయి. డీకోడ్ చేస్తే ఆ రెండు బైట్ల దగ్గర ఎర్రర్. ఆ రెండూ పారేస్తే "చిత్" అని పొల్లుతో ఆగుతుంది. మీకు కొందరు రైతుల పేర్ల చివర ఎర్రర్ రావడానికి, ఇంకొందరి పేర్లు పొల్లుతో ముగియడానికి ఇదే కారణం.

దీనికి ఫైల్లోంచి మందు లేదు. పోయిన బైట్లు పోయినట్టే. పేరును రైతు నంబరుతో మీ దగ్గరున్న రిజిస్టర్ నుంచి తెచ్చుకోండి. మిషన్ రాసిన పేరును సరిపోల్చుకోవడానికి మాత్రమే ఉంచుకోండి. దాన్ని చదివేటప్పుడు వరుస ముఖ్యం: ముందు బైట్లలో మొదటి సున్నా దగ్గర కోయాలి, ఆ తర్వాత డీకోడ్ చేయాలి. చివరి సున్నాలను మాత్రం తీసేసే పద్ధతి చాలదు. ఎందుకంటే మిషన్ అదే జాగాలో అంతకుముందు ఉన్న పొడుగు పేరు మీద పొట్టి పేరు రాసి, ఒక సున్నా పెట్టి వదిలేస్తుంది. ఆ సున్నా వెనక పాత పేరు తోక ఇంకా ఉంటుంది. ఇగ్నోర్ వాడదగ్గ చోటు ఏదైనా ఉందంటే ఇదొక్కటే, ఈ 14 బైట్ల తోక దగ్గర.

చెక్‌సమ్ కాగితం ప్రకారం ముందున్న 31 బైట్ల మొత్తంలో కింది 8 బిట్లు. పైథాన్‌లో బైట్స్‌ను సమ్ చేస్తే అంకెల మొత్తమే వస్తుంది, దాన్ని 255తో అండ్ చేయండి. మన ఉదాహరణలో పేరు చోట 14 సున్నాలు ఉన్నాయనుకుంటే మొత్తం 762, చెక్‌సమ్ 250 రావాలి. ఇది బలహీనమైన కాపలా. రెండు బైట్లు చోటు మారినా మొత్తం మారదు. ఇంకా ఘోరం, 32 సున్నాల రికార్డు కూడా పాస్ అవుతుంది, ఎందుకంటే సున్నాల మొత్తం సున్నాయే. పెన్‌డ్రైవ్‌ను రాత పూర్తి కాకముందే లాగేస్తే మిగిలేది తరచుగా ఇలాంటి సున్నాల దిబ్బే. అన్నీ 255 ఉన్న ఖాళీ ఫ్లాష్ జాగా మాత్రం పట్టుబడుతుంది, అక్కడ 225 రావాల్సిన చోట 255 ఉంటుంది. కాబట్టి చెక్‌సమ్‌తో పాటు రైతు నంబరు సున్నా కాకూడదు, సమయం ఆ రోజుదై ఉండాలి అని రెండు షరతులు పెట్టండి.

షరతులు పెట్టేటప్పుడు ఫ్యాట్ మీద మరీ గట్టిగా పెట్టకండి. ఆవు బిట్ ఉండి ఫ్యాట్ 5 దాటితే తప్పు అని రాస్తే జెర్సీ, హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవులకు చెల్లుతుందేమో గానీ, ఫ్యాట్ ఎక్కువుండే పుంగనూరు ఆవు పాలు వచ్చిన రోజు నిజమైన రికార్డును మీరే పారేస్తారు. అనుమానం ఉన్నదానికి గుర్తు పెట్టి మనిషికి చూపించండి, తీసేయకండి.

మీరే కొత్తగా ఫైల్ ఫార్మాట్ తయారు చేస్తే మొత్తం కట్టే చెక్‌సమ్ బదులు జెడ్‌లిబ్ మాడ్యూల్‌లోని సీఆర్‌సీ-32 (బైట్లు చోటు మారినా పట్టే గట్టి చెక్‌సమ్) వాడండి. సీఆర్‌సీలలో రకాలెక్కువ. మీరూ అవతలివాళ్లూ వాడేది ఒకటేనా అని చూడాలంటే 1 నుంచి 9 దాకా అంకెల ఆస్కీ బైట్లు తొమ్మిదీ ఇవ్వండి. సీఆర్‌సీ-32 అయితే 3421780262 రావాలి. బిన్‌ఆస్కీ మాడ్యూల్‌లోని 16 బిట్ల సీఆర్‌సీకి (దీన్నే సీసీఐటీటీ అంటారు) ప్రారంభ విలువ 0 ఇస్తే 12739, 65535 ఇస్తే 10673. అవతలివాళ్లు "మాది సీసీఐటీటీ" అని ఊరుకుంటే ఈ రెంటిలో ఏదో అడగండి.

ఇక ప్రోగ్రామ్ వరుస. పెన్‌డ్రైవ్‌లోని ఫైలును ముందు కాపీ చేసుకుని, కాపీని రీడ్-బైనరీలో తెరవండి. రైట్-బైనరీ మోడ్ తెరిచిన క్షణంలోనే ఫైలును ఖాళీ చేస్తుందని మరవకండి, అసలు దాని మీద ఒక్కసారి జరిగితే చాలు. మొదటి 16 బైట్లు చదివి నాలుగక్షరాల గుర్తు సరిచూడండి. రికార్డు సైజును హెడర్ నుంచి తీసుకుని కాల్క్‌సైజ్ ఇచ్చిన 32తో పోల్చండి, తేడా ఉంటే అక్కడే ఆగండి. మిషన్ సాఫ్ట్‌వేర్ మారినప్పుడు రికార్డు పెరగడం మామూలు, అది మీకు మొదటి రోజే తెలియాలి. మిగతా బైట్లన్నీ ఒకేసారి చదివేయండి, రెండు వేల బైట్లకు ముక్కలుగా చదివే అవసరమే లేదు. ఆ తర్వాత ఇటర్ అన్‌ప్యాక్‌కు ఇస్తే ఒక్కో రికార్డూ వరుసగా వస్తుంది. దీనికిచ్చే బైట్లు 32 గుణిజమై ఉండాలి, లేకపోతే మొదట్లోనే ఎర్రర్ ఇస్తుంది. తెగిన ఫైలు అయితే శేషాన్ని కోసి పక్కన పెట్టి, ఎన్ని బైట్లు పోయాయో లాగ్‌లో రాసి, మిగతాది ఇవ్వండి. చెక్‌సమ్ కోసం అసలు 32 బైట్లు కావాలి కాబట్టి ఇటర్ అన్‌ప్యాక్ కంటే 32 చొప్పున స్లైస్ చేస్తూ అన్‌ప్యాక్ చేయడమే మీ పనికి నయం.

స్లైస్ అన్నాను కాబట్టి: బైట్స్ మీద ఒక్క స్థానం అడిగితే అంకె వస్తుంది, స్లైస్ అడిగితే బైట్స్ వస్తాయి. ఒక బైటును హెడర్ గుర్తుతో పోల్చి "ఎప్పటికీ సమానం కావడం లేదు" అని తల పట్టుకునేది ఇక్కడ. అలాగే బైట్స్‌కు 5 ఇస్తే ఐదు సున్నాలు తయారవుతాయి, జాబితాలో పెట్టి [5] ఇస్తేనే 5 అనే ఒక్క బైటు.

విలువలను చివరి దాకా పూర్ణాంకాలుగానే ఉంచండి. ఫ్యాట్ 405గానే డేటాబేస్‌లోకి వెళ్లనివ్వండి, 4.05 అనేది చూపించేటప్పటి మాట. బిల్లు లెక్కలో రౌండ్ ఫంక్షన్ 2.5ను 2 చేస్తుంది, సరిగ్గా సగం ఉంటే సరిసంఖ్య వైపు మొగ్గుతుంది. రైతు చేత్తో కట్టిన లెక్కతో పైసా తేడా వస్తే కారణం ఇదే కావచ్చు. డెసిమల్ మాడ్యూల్‌లో సగాన్ని పైకి తీసే పద్ధతి ఎంచుకోండి.

సంవత్సరం ఫైళ్లన్నీ ఒకేసారి చూడాలంటే పెద్ద అంకెల పట్టికలకు వాడే నమ్‌పై లైబ్రరీ బాగుంటుంది. దాని రికార్డు టైపు మీరు అడిగితే తప్ప పూరణ బైట్లు పెట్టదు, కాబట్టి ఈ తొమ్మిది ఫీల్డులు ఇస్తే 32 అనే వస్తుంది. కానీ ప్రతి ఫీల్డుకూ < విడిగా ఇవ్వాలి. కాలమ్‌లను హెచ్చించే ముందు 64 బిట్లకు మార్చుకోండి. 16 బిట్ల ఫ్యాట్ కాలమ్‌ను 16 బిట్ల ఎస్‌ఎన్‌ఎఫ్ కాలమ్‌తో హెచ్చిస్తే 405 × 850 కి 344250 రాదు, 16570 వస్తుంది. ఎర్రర్ కూడా ఇవ్వదు. స్ట్రక్ట్ ఈ విషయంలో నిక్కచ్చి, పెద్ద హెచ్‌లో 70000 కుక్కబోతే వెంటనే ఒప్పుకోదు. దానికున్న ఒకే ఒక్క మెతకతనం 14ఎస్ దగ్గర: పొడుగు పేరిస్తే మాట్లాడకుండా 14 దగ్గర కోసేస్తుంది, తెలుగు అక్షరం మధ్యలోనైనా సరే. మీరు మిషన్‌కు పేర్ల ఫైలు తయారుచేసి పంపేటప్పుడు ఎన్‌కోడ్ చేసిన బైట్ల పొడవు మీరే చూసుకోవాలి.

పెన్‌డ్రైవ్ వద్దు, సీరియల్ కేబుల్‌తో నేరుగా తీసుకోవచ్చా అని కూడా అడిగారు. తీసుకోవచ్చు. 9600 వేగంలో ఒక్కో బైటుకు స్టార్ట్, స్టాప్ కలిపి 10 బిట్లు, అంటే సెకనుకు 960 బైట్లు, ఒక రికార్డుకు దాదాపు 33 మిల్లీసెకన్లు. ఫైలుకీ దీనికీ పెద్ద తేడా ఏమిటంటే, ఇక్కడ 32 అడిగితే టైమ్‌అవుట్ లోపు వచ్చిన 11 ఇచ్చి ఊరుకోవచ్చు. వచ్చినవి బైట్అర్రేలో (పెంచుకుంటూ పోగల బైట్ల వరుసలో) పోగేస్తూ, 32 నిండాకే విప్పాలి. మధ్యలో కేబుల్ పెడితే రికార్డు మధ్యలోంచి మొదలవుతుంది కాబట్టి, చెక్‌సమ్ కుదిరి, సమయం ఆ రోజుదై, నంబరు సున్నా కానంత వరకు ముందు నుంచి ఒక్కో బైటు పారేస్తూ పోవాలి. వరుసగా రెండు రికార్డులు కుదిరితేనే దారిలో పడ్డట్టు లెక్క. ఒక్కటి కుదరడం కాకతాళీయం కావచ్చు, ఒక బైటు చెక్‌సమ్‌కు 256లో ఒకసారి అలా జరుగుతుంది.

ప్రస్తుతానికి < పెట్టి, 33ను మళ్లీ 32 చేసి, మొదటి ఐదు రికార్డుల ఫ్యాట్, పాలు ఆ పూట రైతులకిచ్చిన చీటీలతో పోల్చి చూడండి. తేడా ఏదైనా ఉంటే ఆ రికార్డు 32 బైట్లూ హెక్స్‌లో పెట్టండి, పక్కనే చీటీలో ఉన్న అంకెలు కూడా రాయండి.